సోమవరప్పాడునుండి బొంబాయి మూకచిత్రసీమకు — శ్రీ ఎల్.వి. ప్రసాదుగారి నటజీవితము

మహాసభా సంచికలయందు ప్రకటితములగు చరిత్ర వ్యాసములు సాధారణముగ రాజులను గూర్చియో, మంత్రులను గూర్చియో, సత్రములు కట్టించి చెరువులు త్రవ్వించిన దాతలను గూర్చియో యుండుట మన మెరుగుదుము. అట్టివారి చరిత్రములు పఠనీయములే. కాని ప్రతి సంవత్సరమును మన గ్రామములనుండి కొలదిపాటి రొక్కముతో రైలెక్కి దూరదేశములకు బోవు యువకులు పెక్కండ్రు కలరు. వారిలో కొందరు కృతార్థులై తిరిగి వచ్చుచున్నారు. కొందరు సిగ్గుచే తిరిగి రాకున్నారు. వారికిని, వారి తలిదండ్రులకును ఉపకరించు చరిత్రము వేరొకటి కావలయును. ఏలూరునకు చేరువనున్న సోమవరప్పాడున జన్మించి, బొంబాయిలో చిల్లర పనులు చేసి, మూకచిత్రమున చిన్న వేషముతో వెండితెర కెక్కి, తుదకు 1982వ సంవత్సరపు దాదాసాహెబు ఫాల్కే పురస్కారము నందిన శ్రీ అక్కినేని లక్ష్మీవరప్రసాదరావుగారి చరిత్రము అట్టిది. లోకమున వారు ఎల్.వి. ప్రసాదుగా రని ప్రసిద్ధులు.

దర్శకులుగను నిర్మాతలుగను వారి కీర్తి సర్వవిదితము. కావున ఆ భాగమును క్లుప్తముగ ముగించి, జనులు అంతగ నెరుగని వారి తొలినాళ్లను, అనగా మూకచిత్రము లంతరించి టాకీలు పుట్టిన సంధికాలమును, ఒకింత విపులముగ వ్రాయ సంకల్పించితిని. చదువరులగు సోదర సోదరీమణులును, సంఘపోషకులును దీనిని ఆదరింతురని నమ్ముచున్నాను.

దేశకాలములు

కృష్ణా గోదావరీ నదుల నడుమ పల్లపు నేలయందు కొల్లేటి సరస్సు కలదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మున్నగు ఏరులు వచ్చి యందు గలియును. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రమునకు గొనిపోవును. సరస్సునకు ఉత్తరముగ ఏలూరు పట్టణమును, ఈశాన్యదిశను తాడేపల్లిగూడెమును ఉన్నవి. 1852లో ధవళేశ్వరము ఆనకట్టయు, దాని తరువాత బెజవాడ ఆనకట్టయు పూర్తియగుటచే ఈ సీమ కాలువలతోడను వరిపైరుల తోడను నిండెను. పందొమ్మిదవ శతాబ్దపు చివర రైలుమార్గము వచ్చి, ఏలూరును తాడేపల్లిగూడెమును ఒకవైపు చెన్నపట్టణముతోడను, మరియొక వైపు కలకత్తాతోడను కలిపెను. పంట చేతికి వచ్చిన నెలలలో రైతులకు తీరికయు, కొలదిగ ధనమును ఉండెను. కాలువ పడవలపైనను రైళ్లపైనను నాటకసమాజములు ఊరూర దిరుగుచుండెను. వీథినాటకములు, హరికథలు, తోలుబొమ్మలాటలు పల్లెలలో తెల్లవారువరకు జరుగుచుండెను.

ఈ దేశమున ప్రసాదుగారు 1908వ సంవత్సరము జనవరి 17వ తేదీన జన్మించిరి. ఆనాడు ఏలూరు తాలూకా కృష్ణామండలములోనిది. పశ్చిమగోదావరి మండల మేర్పడినది 1925లో. ఏలూరు పేర వేరు జిల్లా యేర్పడినది 2022లో. ఈ విధముగ ఒక్క గ్రామమే మూడు జిల్లాల పేర్లను మోసినది. ప్రసాదుగారి స్వస్థలమును వేర్వేరు గ్రంథములు వేర్వేరు జిల్లాలుగ వ్రాయుటకు కారణ మిదియే గాని వేరు కాదు.

మూకచిత్రముల రాక

1896వ సంవత్సరము జూలై 7వ తేదీన బొంబాయియందలి వాట్సను హోటలులో లూమియరు సోదరుల చలనచిత్రములు ప్రదర్శింపబడెను. భారతదేశమున అదియే తొలి ప్రదర్శనము. అటుపై 1913లో దాదాసాహెబు ఫాల్కేగారు ‘రాజా హరిశ్చంద్ర’ను నిర్మించి దేశీయ చిత్రపరిశ్రమకు పునాది వైచిరి. తెలుగువారిలో ఈ విద్యకు ఆద్యులు మచిలీపట్టణమునకు చెందిన రఘుపతి వెంకయ్యనాయుడుగారు. ఛాయాచిత్రకారులై చెన్నపట్టణమున స్థిరపడి, క్రోనోమెగాఫోను అను యంత్రమును దెప్పించి, గుడారములు వేసి ఊరూర చిత్రములు చూపిరి. 1914 ప్రాంతమున మదరాసులో గెయిటీ థియేటరును కట్టించిరి. వారి పుత్రులు రఘుపతి సూర్యప్రకాశుగారు 1921లో ‘భీష్మప్రతిజ్ఞ’ యను మూకచిత్రమును దీసి, తామే భీష్ముని పాత్ర ధరించిరి. ఆ సంవత్సరముననే బెజవాడయందు పోతిన శ్రీనివాసరావుగారిచే మారుతీ సినిమా వెలసెను. అనగా మన కథానాయకునకు పదుమూడేండ్ల ప్రాయము వచ్చునప్పటికి చలనచిత్రము ఏలూరి పొరుగునకు వచ్చి స్థిరనివాస మేర్పరచుకొనినది.

మూకచిత్ర మనగా నెట్టిదో నేటి యువకులకు చెప్పవలసియున్నది. అందు నటులు పెదవులు కదుపుదురు గాని మాట వినరాదు. కథ తెలియుటకు నడుమ నడుమ అక్షరములు గల అట్టలను చూపుదురు. ఒకే చిత్రము దేశమంతట దిరుగవలసి యుండుటచే ఆ అక్షరములు పెక్కు భాషలలో నుండెడివి. చదువరాని ప్రేక్షకుల కొరకై తెరప్రక్క నొక వ్యాఖ్యాత నిలిచి, కథను బిగ్గరగ చెప్పుచు, పోరాట ఘట్టములలో ప్రేక్షకులను ఉద్రేకపరచుచుండుట పెక్కుచోట్ల ఆచారము. హార్మోనియమును తబలయు వాయించువారు తెరముందు కూర్చుండెడివారు. కెమేరాను చేతితో త్రిప్పెడివారు. పెక్కు చిత్రములు సూర్యరశ్మి యందే తీయబడుచుండుటచే మబ్బు పట్టిన నాడు పని ఆగిపోవుచుండెను.

ఇం దొక విశేషము కలదు. నాటకరంగమున పద్యము పాడలేనివానికి తావు లేదు. పరభాషా నాటకమున ఉచ్చారణ తెలియనివానికి తావు లేదు. మూకచిత్రమునకు ఈ రెండును అక్కరలేదు. ముఖమును, కన్నులును, నడకయు, చేతుల కదలికయు నున్న చాలును. తెలుగువాడైనను, గుజరాతీయైనను, పఠానైనను తెరమీద నొక్కటే. హిందూస్తానీ యెరుగని తెలుగు పల్లెటూరి యువకుడు బొంబాయి చిత్రసీమయం దాశ పెట్టుకొనుట నాడు పిచ్చితనము కాకపోవుటకు హేతు విదియే.

బాల్యము, వివాహము, ఋణబాధ

ప్రసాదుగారి తండ్రి అక్కినేని శ్రీరాములుగారు, తల్లి బసవమ్మగారు. వారిది వ్యవసాయ కుటుంబము. రెండవ సంతానమైన ఈ బాలుడు గారాబముగ పెరిగెను. తెలివి గలవాడే గాని పాఠములయందు మనసు నిలుపలేకపోయెను. ఊరికి వచ్చిన నాటకములవారి మద్దెల వినబడినచో ఇంట నిలుచువాడు కాడు. ఏలూరునందు తాత్కాలికముగ వేసిన ప్రదర్శనశాలలలో పాత మూకచిత్రములను చూపుచుండగా వానిని ఆశగ చూచెడివాడు. స్థానిక నాటకములలో చిన్న వేషములు వేయనారంభించెను.

1924లో, పదునారవ యేడు దాటకమునుపే, మేనమామ కుమార్తె యగు సౌందర్యమనోహరమ్మగారితో వివాహము జరిగెను. కొలది కాలములోనే తండ్రియు నయ్యెను. ఇంతలో నొక విపత్తు సంభవించినది. శ్రీరాములుగారు అప్పులలో చిక్కుకొని తీర్పలేక దివాలా ప్రకటింపవలసి వచ్చెను.

పల్లెలయందు దివాలా యన్న మాట యెట్టిదో మనకు తెలియును. అది కోర్టు కాగితములతో ముగియునది కాదు. నిన్నటివరకు అరుగుమీద కూర్చుండబెట్టినవారు నేడు ముఖము త్రిప్పుకొందురు, పెండ్లిపిలుపులు తగ్గును, ఇంటి కోడలు చెరువునకు బోయి నీరు దెచ్చుటకు సంకోచించును. చదువు చాలించిన వాడును, సంపాదన లేనివాడును, భార్యాబిడ్డలు గలవాడును అగు యువకునకు ఆ యింట ముద్ద మింగుట కష్టమగుట సహజము. ప్రసాదుగా రొక ఉదయమున ఎవరితోడను చెప్పక, నూరు రూపాయలు జేబులో వేసికొని ఇల్లు విడిచిరి. నటుడగుట వారి సంకల్పము.

ఈ చర్యను పొగడవలెనా, నిందింపవలెనా? భార్యను బిడ్డను పుట్టింటివారి దయకు విడిచి వెడలుట సామాన్యమైన తప్పు కాదు. మనోహరమ్మగారు పడిన క్షోభను చరిత్రకారులు వ్రాయలేదు. వీరచరిత్రములు వ్రాయు మనము సాహసించి వెడలినవానిని పొగడుదుము గాని ఇంట నిలిచి మాట పడినవారిని మరతుము. ఈ వ్యాసమునందైనను ఆ యిల్లాలి పేరు గౌరవముతో పేర్కొనవలయునని నా కోరిక. ప్రసాదుగారు తరువాత స్వగ్రామమునకు వచ్చి భార్యను బొంబాయికి దోడ్కొనిపోయిరి. చాలీచాలని జీతముతో ఆమె అచ్చట కాపురము నడిపెను. కుమారులు ఆనందుగారు, రమేశుగారు అక్కడనే జన్మించిరి.

బొంబాయిలో మూకచిత్రనటుడు

1930 ప్రాంతపు బొంబాయి భారతీయ చలనచిత్రములకు రాజధాని. కోహినూరు, ఇంపీరియలు, రంజితు, సాగరు మున్నగు సంస్థలు నెలనెలకు చిత్రములను విడుదల చేయుచుండెను. వాని వాకిళ్లయందు వేషములకై వచ్చిన యువకులు గుంపులుగ నిలువబడి యుండెడివారు. వారిలో నొకడైన మన ఏలూరి యువకునకు సిఫారసు లేదు, హిందూస్తానీ రాదు, చేతి డబ్బు కరగిపోవుచున్నది. తుదకు వీనసు ఫిలిం కంపెనీలో చిల్లర పనులు చేయు కుఱ్ఱవాడుగ కొలువు దొరకెను. పెట్టెలు మోయుట, కబురులు చేర్చుట, చెప్పిన పని చేయుట — ఇదియే ఉద్యోగము. అటుపై ఇండియా పిక్చర్సు అను సంస్థలో నట్టి పనియే.

ఆ సంస్థలో అఖ్తరు నవాజుగారు ‘స్టార్ ఆఫ్ ది ఈస్ట్’ అను మూకచిత్రమున నీతని కొక చిన్న వేష మిచ్చిరి. ప్రసాదుగారు చిత్రనటు డగుట అదియే మొదలు. అది నాయకపాత్ర కాదు. ప్రతినాయక పాత్రయు కాదు. గోడపత్రికలమీద ఆ పేరు కనబడునంతటి వేషము కాదు. కాని పెట్టెలు మోయుచు చూచిన పనిని ఇప్పుడు కెమేరా ముందు నిలిచి చూచుట తటస్థించెను. ఏ కోణమున వెలుగు ముఖముమీద బడును, ఎంత దూరమున నిలిచిన నటుని కనురెప్ప కదలిక తెరకు చేరును, చేయి యెంత యెత్తిన అతి యగును — ఈ పాఠములు ఏ పాఠశాలయందును చెప్పబడుట లేదు. సోమవరప్పాడు బడిలో నిలువని మనస్సు ఇచ్చట నిలిచినది.

నోరు గల బొమ్మలు

ఇంతలో మూకచిత్రము యొక్క ఆయువు తీరినది. 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టికు సినిమాలో ఇంపీరియలు కంపెనీవారి ‘ఆలం ఆరా’ విడుదలయ్యెను. అర్దేశిరు ఇరానీగారు దర్శకులు. భారతదేశమున పూర్తిగ మాటలాడిన తొలి చిత్రమది. స్టూడియో ప్రక్కనే రైలుమార్గ ముండుటచే పగటి వేళ చప్పుడు రికార్డులో చేరునని భయపడి, రైళ్లు లేని రాత్రివేళలలో తీసిరి. ధ్వని గ్రహించు యంత్రములను నటులకు దగ్గరగ, ప్రేక్షకులకు కనబడకుండ దాచిరి. ఆ చిత్రములో ప్రసాదుగారికి నొక చిరువేషము లభించెను.

టాకీల రాకతో మూకచిత్ర నటులకు గొప్ప సంకట మేర్పడినది. రూపమును బట్టి రాజ్యమేలినవారికి భాష రాదు. భాష వచ్చినవారికి పాట రాదు. సులోచన యను పేర దేశమంతట ప్రఖ్యాతయైన రూబీ మయర్సుగారివంటి తారయే హిందూస్తానీ నేర్చుకొనుటకై కొంతకాలము వెనుకకు తగ్గవలసివచ్చెను. మహాతారలకే యిట్లుండగా ఏలూరి చిన్న వేషగాని గతి యేమి? పెట్టె సర్దుకొని రైలెక్కవలసినదే యని ఎవరైనను అనుకొందురు.

జరిగినది వేరు. చిత్రము మాటలాడ నారంభించిన వెంటనే ఏ భాష మాటలాడవలె నన్న ప్రశ్న పుట్టినది. హిందూస్తానీ చిత్రము దక్షిణదేశమున చెల్లదు. ఇంపీరియలు సంస్థలో అర్దేశిరు ఇరానీగారి కడ పనిచేయుచున్న హెచ్.ఎం. రెడ్డిగారికి దక్షిణభాషల చిత్రములు తీయు భారము అప్పగింపబడెను. బొంబాయిలోనే యుండి, స్టూడియో పద్ధతు లెరిగి, తెలుగు మాటలాడగలవారు ఆయనకు కావలసివచ్చిరి. అట్టివారు నాడు బహు కొలదిమంది. చిన్న వేషములు వేయుచు కంటబడిన ప్రసాదుగారిని రెడ్డిగారు పిలిచిరి. మూకచిత్రము ప్రసాదుగారిని భాష యడుగక లోనికి రానిచ్చినది. టాకీ వారి మాతృభాషనే యోగ్యతగ గైకొని నిలుపుకొన్నది. బొంబాయిలో కొరగానిదని తలచిన ఇంటిమాటయే అన్నము పెట్టినది.

ఆ వరుసలో రెడ్డిగారు ‘కాళిదాసు’ను తీసిరి. టి.పి. రాజలక్ష్మిగారు నాయిక. తొలి తమిళ టాకీగ చెప్పబడు ఆ చిత్రమున తమిళముతోపాటు తెలుగు మాటలును వినబడెను. అందు ప్రసాదుగారు హాస్యరసముగల పూజారి వేషము ధరించిరి. తరువాత తొలి తెలుగు టాకీ యగు ‘భక్తప్రహ్లాద’. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి నాటకము దానికి మూలము. సురభి నాటకసమాజమువారు నటులు. సురభి కమలాబాయిగారు లీలావతి. మునిపల్లె సుబ్బయ్యగారు హిరణ్యకశిపుడు. గురుకులమున చండామార్కుల కడ ప్రహ్లాదునితో చదువుకొను మొద్దబ్బాయి వేషము ప్రసాదుగారిది. చదువు అబ్బని బాలుడని ఇంట పేరుపొందినవారికి తెలుగు టాకీలో మొదట దొరకిన పాత్ర యిది! ఈ విషయము చదివి నవ్వనివా రుండరు.

ఇచ్చట చరిత్ర విషయమై యొక మాట. ‘భక్తప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలయ్యెనని చాలకాలము వ్రాయుచువచ్చిరి. ఇటీవలి పరిశోధకులు సెన్సారు పత్రములను నాటి పత్రికలను పరిశీలించి, దానికి 1932 జనవరిలో అనుమతి లభించినదనియు, 1932 ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా సినిమాలో తొలుత ప్రదర్శింపబడినదనియు నిర్ణయించిరి. ‘కాళిదాసు’ 1931 అక్టోబరు 31న వచ్చినది. కావున హిందీ, తమిళము, తెలుగు అను వరుస నిశ్చితము. ఈ మూడు భాషల తొలి టాకీలు మూటియందును నటించిన వ్యక్తి ప్రసాదుగారు. వేషములు చిన్నవి కావచ్చును. కాని మూడు భాషలు వెండితెరపై నోరు విప్పిన మూడు ముహూర్తములయందును ఏలూరి తాలూకా మనుష్యుడొకడు సాక్షిగ నిలిచియుండుట సామాన్యము కాదు.

పేరు కురుచ యగుట, ద్వారపాలకత్వము

మూడు తొలి చిత్రములలో నటించినంత మాత్రమున సంసారము గడువలేదు. అలీషాగారి కడ ‘కమరల్ జమాన్’ అను చిత్రమునకు సహాయ దర్శకత్వము లభించెను. అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు అను పొడవైన పేరును వ్రాయలేక యొక గుమాస్తా దానిని ఎల్.వి. ప్రసాదుగ కుదించెను. తలిదండ్రు లిచ్చిన పేరుకంటె గుమాస్తా యిచ్చిన పేరే దేశమున నిలిచినది.

పని లేని దినములలో బొంబాయియందలి డ్రీమ్‌లాండు సినిమాలో ద్వారమువద్ద టిక్కెట్లు చూచువాడుగ పనిచేసిరి. వెండితెరపై కనబడినవాడు సినిమాహాలు వాకిట నిలిచి టిక్కెట్లు చింపుట అవమానమని వారు భావింపలేదు. భావించినను ఆ యవమానమును దిగమ్రింగిరి. దానివలన నొక లాభము కలిగెను. ప్రేక్షకులు ఏ ఘట్టమున నవ్వుచున్నారో, ఎచ్చట విసిగి బయటికి వచ్చుచున్నారో దినమునకు రెండు మూడు పర్యాయములు కన్నులార చూచుటకు ద్వారముకంటె మంచి చోటు లేదు.

కొంతకాలము పృథ్వీరాజకపూరుగారి పృథ్వీ థియేటర్సు నాటకములలో నటించి, యువకుడైన రాజకపూరుతో పరిచయ మేర్పరచుకొనిరి. ‘కష్టజీవి’ యను తెలుగు చిత్రమును ఆరంభించిరి గాని కొలది రీళ్లు తీసిన పిదప అది నిలిచిపోయెను. ఇట్లు 1931 మొదలు సుమారు పదునైదు సంవత్సరములు గడచినవి. నేటి సంచికలయందలి జీవితచరిత్రములలో ఇట్టి పదునైదేండ్లు “అనేక కష్టములకోర్చి” అను రెండు మాటలలో ముగియును. కాని ఆ దినములను జీవించినవారికి అవి రెండు మాటలు కావు.

దర్శకత్వము

1946లో వచ్చిన సారథీవారి ‘గృహప్రవేశము’తో వారి దశ తిరిగెను. త్రిపురనేని గోపీచందుగారు రచన చేసిన ఆ చిత్రమునకు సహాయకులుగ చేరి దర్శకులైరి. అంతేగాక భానుమతిగారి సరసన నాయకపాత్రయు ధరించిరి. గూడవల్లి రామబ్రహ్మముగారు అస్వస్థులై 1946లో దివంగతులు కాగా, వారు ఆరంభించిన ‘పల్నాటి యుద్ధము’ను పూర్తిచేసి 1947లో వెలువరించిరి. 1949లో ‘మనదేశము’న నందమూరి తారకరామారావుగారిని పరిచయము చేసిరి. 1950లో విజయావారి తొలి చిత్రము ‘షావుకారు’ను, ఆ యేటనే ‘సంసారము’ను, 1952లో ‘పెళ్లిచేసి చూడు’ను, 1954లో తమిళ ‘మనోహర’ను తీసిరి. 1955నాటి ‘మిస్సమ్మ’ను తెలుగుదేశమున చూడనివారు తక్కువ.

‘మిస్సమ్మ’ను ఈ సీమవారు తమదిగ భావించుటకు కారణము కలదు. అందలి జమీందారు పాత్రధారి ఎస్.వి. రంగారావుగారు నూజివీడున జన్మించిరి. దేవయ్య వేషధారి రేలంగి వెంకట్రామయ్యగారు తాడేపల్లిగూడెమున స్థిరపడి, అచ్చట సినిమాహాలు కట్టించి, 1975లో ఆ యూరనే కన్నుమూసిరి. అక్కినేని నాగేశ్వరరావుగారు కొల్లేటికి ఆవలివైపున గుడివాడ చెంతనున్న రామాపురమువారు. ఇట్లు సరస్సు చుట్టునున్నవారు మదరాసు స్టూడియోలో నొక యింటివారివలె కలిసిరి.

ప్రసాదుగారు దర్శకులుగ ప్రతి పాత్రను ముందుగ తాము నటించి చూపెడివారని వారితో పనిచేసినవారు చెప్పుదురు. ఇది మూకచిత్రము నేర్పిన విద్య. ‘షావుకారు’, ‘మిస్సమ్మ’ మొదలగు వానిలో మాట లేని ఘట్టములను గమనింపుడు. ఒక చూపు, ఒక తటపటాయింపు, తలుపుచాటున నొక నిలుకడ — ఇవియే కథను నడిపించును. ధ్వని వచ్చిన తరువాత మన దర్శకులు పెక్కురు చిత్రమును పాటలతోడను ప్రసంగములతోడను నింపిరి. మౌనమున నటన నేర్చినవారికి మాటను పొదుపుగ వాడుట తెలియును.

పరిపక్వదశ

1956లో ప్రసాదు ప్రొడక్షన్సు సంస్థను స్థాపించిరి. పృథ్వీ థియేటర్సునాటి మిత్రుడు రాజకపూరు నాయకుడుగ 1957లో ‘శారద’ను హిందీలో తీసిరి. 1959లో ‘ఛోటీ బహెన్’, 1967లో ‘మిలన్’, 1970లో ‘ఖిలౌనా’ వచ్చినవి. 1981లో నిర్మించిన ‘ఏక్ దూజే కేలియే’ కథ ముఖ్యముగ గమనింపదగినది. హిందీ రాని దక్షిణాది యువకునకును, అతని భాష రాని ఉత్తరాది యువతికిని నడుమ పుట్టిన ప్రేమ అందలి విషయము. హిందూస్తానీ రాక బొంబాయి వీథులలో దిరిగినవాడే అర్ధశతాబ్ద మైన పిదప అట్టి కథకు నిర్మాత యగుట చిత్రము. మదరాసున స్టూడియో, 1976లో ఫిలిం లేబొరేటరీ స్థాపించిరి.

1980లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు నెలకొల్పిన రఘుపతి వెంకయ్య పురస్కారమును మొట్టమొదట నందుకొనినది ప్రసాదుగారే. 1982వ సంవత్సరమునకు ఫాల్కే పురస్కారము వచ్చెను. తెలుగు మూకచిత్రమునకు ఆద్యుని పేరిటిది యొకటి, భారతీయ మూకచిత్రమునకు ఆద్యుని పేరిటిది మరియొకటి. రెండును మూకచిత్రమున చిన్న వేషగానిగ ఆరంభించినవాని కడకు చేరినవి.

నటనయందలి మక్కువ తుదివరకు వారిని విడువలేదు. 1981లో కమలహాసనుగారి ‘రాజ పార్వై’, తెలుగున ‘అమావాస్య చంద్రుడు’ అను చిత్రమున నాయిక తాతగారి వేషము వేసిరి. అందు నాయకుడు కన్నులు లేనివాడు. ఆ తరువాత కొలది సంవత్సరములకే డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు హైదరాబాదులో నేత్రవైద్యశాల నెలకొల్ప సంకల్పింపగా, ప్రసాదుగారు ఐదెకరముల భూమిని కోటి రూపాయల ధనమును దానమిచ్చిరి. 1987లో పనికి పూనుకొనిన ఆ సంస్థ ఎల్.వి. ప్రసాదు నేత్రవైద్య సంస్థ యను పేర లోకప్రసిద్ధ మైనది. చూపునే నమ్ముకొని బ్రదికిన మనుష్యుడు చూపునకే ధారపోసెను. 1994 జూన్ 22న వారు దివంగతులైరి. 2006లో భారత తపాలాశాఖవారు వారి పేర తపాలా బిళ్లను వెలువరించిరి.

ముగింపు

ఈ చరిత్రమున నన్ను మిక్కిలి బాధించు విషయ మొకటి కలదు. ‘ఆలం ఆరా’ నేడు చూడ దొరకదు, ‘కాళిదాసు’ దొరకదు, ‘భక్తప్రహ్లాద’యు దొరకదు. భారతదేశమున నిర్మింపబడిన మూకచిత్రములు సుమారు 1300 అని లెక్కింతురు. అందు నిలిచినవి అత్యల్పము. ఆనాటి ఫిలిము నిప్పు తగిలిన భగ్గున మండునది. ఎండకు తేమకు చెడునది. అందలి వెండికై కొందరు కరగించిరి. ఇరువది యేండ్ల పైచిలుకు ప్రాయమున ప్రసాదుగారు తెరపై నెట్లుండిరో, మొద్దబ్బాయియై ప్రేక్షకుల నెట్లు నవ్వించిరో మన మిక చూడజాలము. వారు స్థాపించిన ప్రసాదు సంస్థయే నేడు శిథిలమైన పాత చిత్రములను బాగుచేసి నిలుపు పనిలో దేశవిదేశముల పేరు గాంచినది. పరుల చిత్రములను బ్రదికించుచున్న ఆ యిల్లు తన స్థాపకుని తొలి వేషములను మాత్రము తిరిగి తేలేకున్నది.

కావున సంఘసోదరులకును పోషకులకును నా మనవులు రెండు. మొదటిది: ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి లంకగ్రామములలోని పాత యిండ్ల అటకలమీద పూర్వపు నాటకముల కరపత్రములు, సినిమా గోడపత్రికలు, వేషములతో దిగిన ఛాయాచిత్రములు, గుడారపు ప్రదర్శనల జమాఖర్చు పుస్తకములు ఇంకను ఉండవచ్చును. చెదలపాలు గాకమునుపే వానిని వెలికిదీసి, నకళ్లు చేయించి, ఒకచోట భద్రపరచుటకు ఈ మహాసభ పూనుకొనవలయును. భూదానపత్రమును దాచుకొన్నంత శ్రద్ధతో నొక నాటకపు కరపత్రమును దాచిననాడు గదా మన చరిత్ర మనకు మిగులును!

రెండవది: అప్పులపాలైన ఇంటి బిడ్డను చిన్నచూపు చూడకుడు. 1930 ప్రాంతమున సోమవరప్పాడున దివాలా తీసిన ఇంటినుండి చెప్పకుండ వెడలిన యువకుని గూర్చి ఊరివా రేమనుకొనిరో ఊహించుట కష్టము కాదు. అతనికి ఆనాడు ధైర్యము చెప్పువా రున్నచో చెప్పియే వెడలియుండును. ఇల్లాలి దుఃఖము కొంత తగ్గియుండును. నేడును మన గ్రామములయందు అట్టి యిండ్లు కలవు, అట్టి బిడ్డలు కలరు. సంఘముయొక్క విద్యానిధియు, వసతిగృహములును పరీక్షలలో మొదటి తరగతివారికే గాక, చదువు అబ్బక చేతిపనియందో కళయందో మనసు గలవారికిని తలుపు తెరువవలయును. వారిలో నెవ్వ డెట్టివాడగునో మన మెరుగము.

శుభం భూయాత్.